నీళ్ళు పోయే వైపు

కుర్చీ ఇంటికొచ్చిన రోజున దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద రగడ అయింది. మామూలు కుర్చీ కాదది. ఇంట్లో కూర్చుని కార్ల పందేలాడేవాళ్ళ కోసం చేసిన కుర్చీ. ముందు స్టీరింగు, కింద పెడళ్ళు, చుట్టూ ఇనప చట్రం. లిఫ్టులో పట్టక ఇద్దరు మనుషులు మెట్ల మీదుగా మోసుకొచ్చి, ఆయాసపడుతూ, ఎక్కడ దింపమంటారని గుమ్మంలో నిలబడ్డారు. హాల్లో పెడితే సోఫా తీసేయాలి. పడగ్గదిలో పెడితే మంచం మీంచి దూకి బయటికి రావాలి. చివరికి ఇంటాయన పైడిరాజు తేల్చాడు, వెనక బాల్కనీలో పెట్టేద్దామని. అంట్లు తోముకునే కుళాయీ, బట్టలుతికే మెషీనూ ఉండే చోటు అది. మెషీన్ని బాత్రూములోకి నెట్టి, బట్టల తీగలు విప్పి, గాజు తలుపులు బిగించేసరికి చూడ్డానికి చిన్న గదిలాగే తయారైంది. హైమావతి కూడా బాగుందంది. పొద్దుట పనికి పరిగెత్తి సాయంత్రం ఒంటిని ఇంటికి ఈడ్చుకొచ్చే మనిషికి, కాలికి అడ్డం పడని వస్తువేదైనా బాగానే ఉంటుంది.

హైమావతి పైడిరాజు భార్య. విశాఖపట్నంలో, మధురవాడ దగ్గర ఒక చిన్న ల్యాబులో ఇంజినీరు. కుర్చీతోపాటు వచ్చిన హెడ్‌సెట్ ఆ ల్యాబు తయారుచేసిందే. అందులో సగం బుర్ర ఆమెదే. మామూలు హెడ్‌సెట్ కళ్ళకి తగిలించుకుంటే కారు మలుపు తిరగడం కనిపిస్తుంది గానీ ఒంటికి తెలీదు. కళ్ళేమో తిరిగామంటాయి, ఒళ్ళేమో కదల్లేదంటుంది, ఆ ఇద్దరి తగువులో నలిగేది కడుపు. కాసేపట్లో వాంతి. ఈ కొత్తదానికి చెవుల వెనక రెండు మెత్తలుంటాయి. మనిషికి ఏది పైన, ఏది కింద అని చెప్పేది చెవి లోపలి భాగం కదా, ఆ మెత్తలు సన్నటి కరెంటు పంపి ఆ చెవినే నమ్మించేస్తాయి. మలుపులో ఒళ్ళు ఓ పక్కకి తూగుతుంది, బ్రేకు తొక్కితే ముందుకి పడబోతాం, కుర్చీ మాత్రం అంగుళం కదలదు. ల్యాబులో దానికి తూకం అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

ఒక్క చిక్కు ఉండేది. హెడ్‌సెట్ ఒక్కో తల మీద ఒక్కోలా కూర్చుంటుంది. ఏది తిన్నన, ఏది వంకర అని దానికెలా తెలియాలి? ఉపాయం చెప్పింది హైమావతే. ఆట మొదలుపెట్టే ముందు మనిషి కాసేపు కదలకుండా కూర్చోవాలి. ఆ కూర్చున్న తీరునే యంత్రం తిన్నన అనుకుంటుంది. అందరూ భేషన్నారు. ల్యాబు నేల గ్రానైటు పలకలతో బల్లపరుపుగా ఉంటుంది, అక్కడ ఏ కుర్చీ అయినా తిన్నగానే ఉంటుంది మరి.

ఇళ్ళల్లో వాడి చూసేవాళ్ళు కావలసివచ్చినప్పుడు హైమావతి తమ దగ్గరే ఉండే ఆడపడుచు నూకరత్నం పేరిచ్చింది. రత్నం ఇంట్లోంచే ఆసుపత్రి రిపోర్టులు టైపు చేసే పిల్ల. ఏ పనీ చెడగొట్టదు, ఏ పనిలోనూ శభాషనిపించుకోదు. స్కూటీ ఎక్కితే రెండు కాళ్ళూ రోడ్డుకి రాసుకుంటూ వెళ్ళేది. బండికి పెట్రోలు కంటే నీకు చెప్పులే ఎక్కువవుతున్నాయని అన్నయ్య వెక్కిరించేవాడు. అలాంటి పిల్ల ఆ కుర్చీలో కూర్చుని, వానలు తగ్గేసరికల్లా, దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో ఇళ్ళల్లోంచి ఆడే పందేల్లో ముందు వరసలోకి వచ్చేసింది. అందరూ బ్రేకు తొక్కే చోట ఈ పిల్ల తొక్కదు. పుణెలోనో గువాహటిలోనో ఉన్నవాళ్ళు ఆ మలుపు ఎలా తిప్పారండీ అని మెసేజీలు పెట్టేవారు. రత్నం ఫోను వంటింట్లోకి తెచ్చి, వదిన కూర తరుగుతుంటే పక్కన నిలబడి చదివి వినిపించేది. ఎలా తిప్పావే నిజంగా అని హైమావతి అడిగితే భుజాలెగరేసేది.

దసరా వెళ్ళాక ఒక కార్ల పందేల జట్టు నుంచి పిలుపొచ్చింది. ముందు వరసలో ఉన్న కొద్దిమందిని తమిళనాడులోని ఒక ట్రాకుకి రప్పించి, నిజం కారిచ్చి చూస్తారట. నచ్చినవాళ్ళని జట్టులో చేర్చుకుంటారట. పైడిరాజు ఈ సంగతి లిఫ్టులో ఎక్కినవాళ్ళకి ఎక్కినట్టే చెప్పాడు. రత్నం మాత్రం టైపు చేస్తూ చేస్తూ ఆగి తనలో తను నవ్వుకునేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా హైమావతికి తను చేసిన పనుల్లో ఇదొక్కటైనా ఒకరికి పనికొచ్చిందనిపించేది.

ఆ హడావుడిలో ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరికీ పట్టలేదు. రత్నం నడుస్తూ కుడిచేత్తో గోడ తడుముకునేది. చారు పోస్తే కంచం అంచున పడేది. కూర్చుంటే ఎడమకి ఒరిగి కూర్చునేది, తిన్నగా కూర్చోవే అంటే తిన్నగానే కూర్చున్నానని కసిరేది. సాయంత్రమయ్యేసరికి ఎక్కడ చోటు దొరికితే అక్కడ వాలిపోయేది. డాక్టరు చూసి రక్తం తక్కువుందేమోనన్నాడు, ఖర్జూరాలు తినమన్నాడు. పాపం ఆ పిల్ల బుద్ధిగా ఖర్జూరాలు తిని ఇంకా నీరసపడింది.

ఓ రోజు గుమ్మానికి ఆనుకుని నిలబడి, వదిన చెప్పులు విప్పుకుంటుంటే అంది.

"పడిపోతున్నట్టుంటాది వదినా. కుడేపుకి. రోజంతా పడిపోకుండా నన్ను నేనే పట్టుకుంటున్నాను. నిలబడ్డమే ఓ పనైపోయింది."

హైమావతి ఆ మాట విన్నది, కానీ చెవిన పెట్టలేదు. పడుకుంటే తగ్గుతుందిలే అంది. అప్పటికే ఆమె ఒళ్ళు ఎంత హూనమై ఉందంటే, ఇంకొకరి అలసట ఎంతుందో చూసే ఓపిక మిగల్లేదు.

శుక్రవారం ఇల్లు కడగడం పైడిరాజు పని. అందులో ఇంకెవరినీ వేలు పెట్టనివ్వడు. ఓ శుక్రవారం హైమావతికి జ్వరం తగిలి ల్యాబుకి వెళ్ళలేదు. దుప్పటి కప్పుకుని, ఎండ కోసం బాల్కనీ గుమ్మంలో పీట వేసుక్కూర్చుంది. పైడిరాజు లుంగీ ఎగ్గట్టి బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. నీళ్ళు ఎక్కడా తచ్చాడకుండా, కుర్చీ కిందుగా సాగి, ఎడమ మూలనున్న తూములోకి గబగబా దిగిపోయాయి. చీపురు పెట్టాల్సిన పనే లేకపోయింది.

"చూసేవా మన మేస్త్రీ పనితనం, చుక్క నిలవదు," అన్నాడాయన. ప్రతి శుక్రవారం అనే మాటే.

హైమావతి నీళ్ళు పోయిన వైపే చూసింది. జ్వరంలోనే లేచివెళ్ళి కుర్చీ మెత్త ఎత్తి చూసింది. కుడివైపున మడతపెట్టిన తుండుగుడ్డ ఒకటుంది. దాని కింద మరొకటి. ఆ కింద పాత దుప్పటి ముక్క. ఎందుకివి అని రత్నాన్ని పిలిచి అడిగితే, కూర్చుంటే వంకరగా ఉన్నట్టనిపించినప్పుడల్లా ఎత్తు పెట్టుకుంటున్నానంది.

హైమావతి అక్కడే తడినేల మీద చతికిలపడింది. ఇల్లు కట్టించుకునేటప్పుడు మనవాళ్ళు మేస్త్రీకి చెప్పే మొదటి మాట నీళ్ళు నిలవకూడదని. ఏ బాల్కనీ అయినా, ఏ డాబా అయినా, తూము వైపుకి వాలుతుంది. అది తప్పు కాదు, మంచి పనితనం. ఆ వాలు మీద కుర్చీ వేశారు. రత్నం కూర్చుంది. యంత్రం ఆ ఒరిగిన తీరునే తిన్నన అనుకుంది, ఒరిగావని చెవి చెబుతుంటే ఆ మాటని నొక్కేసింది. రోజూ అలా నొక్కగా నొక్కగా రత్నం మెదడుకి ఎడమ వాలే తిన్ననైపోయింది. ఆ తర్వాత తిన్నగా ఉన్నప్పుడల్లా కుడికి పడిపోతున్నట్టనిపించి, కుడి తొడ కింద ఎత్తు పెట్టుకుంది. సరిచేసుకుంటున్నాననుకుంటూ ఇంకొంచెం ఎడమకి ఒరిగింది. యంత్రం దాన్నీ తిన్ననే అనుకుంది. మళ్ళీ ఇంకో తుండుగుడ్డ.

తిన్నదనమంటే ఏమిటో మనిషినే అడిగి తెలుసుకోమని యంత్రానికి నేర్పింది హైమావతే. ఆ మనిషి తిన్నదనాన్ని యంత్రమే మార్చేస్తే ఎవర్ని అడగాలో మాత్రం నేర్పలేదు.

ల్యాబు పెద్ద భూషణరావుగారికి ఆ మధ్యాహ్నమే ఫోను చేసింది. ఆయన అంతా రాసుకున్నాడు. తర్వాత, యంత్రాన్ని ఇళ్ళల్లో వాడి చూస్తున్న మిగతావాళ్ళు కుర్చీలు ఎక్కడ వేసుకున్నారో కనుక్కోమన్నాడు. ఒకాయన కారు నిలిపే పోర్టికోలో వేసుకున్నాడట. ఒకామె డాబా మీది రేకుల షెడ్డులో. ఇంకొకాయన పెరటి వసారాలో. నడిచే దారికి అడ్డం లేకుండా వేసుకున్నామండీ అని అందరిదీ ఒకటే మాట.

సోమవారం వాళ్ళనందర్నీ ల్యాబుకి రమ్మన్నారు. హాల్లో కుర్చీలు వరసగా వేశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చున్నారు, ఎవరి తూము వైపుకి వాళ్ళు ఒరిగి. పోర్టికో ఆయన వెనక్కి, షెడ్డు ఆవిడ ముందుకి, వసారా ఆయన కుడికి. గాలివాన వెళ్ళిపోయాక అరటితోట చూసినట్టుంది. ఒక్క లెక్చరరుగారు మాత్రం నిటారుగా కూర్చున్నాడు. ఆరా తీస్తే ఆయన యంత్రాన్ని ఇంకా పెట్టెలోంచి తియ్యలేదట. హైమావతికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోతే ఏడుపొచ్చింది. బాత్రూములోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

భూషణరావుగారు వాళ్ళందరి ఆటలూ తిరగేసి చూశాడు. ఒరిగినవాళ్ళంతా వేగంగా ఆడుతున్నారు. ఎంత ఒరిగితే అంత వేగం. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఎవరికో కాదు తనకే చెప్పుకుంటున్నట్టు మాట్లాడాడు.

"పడిపోతున్నావు, పడిపోతున్నావు అని చెవి రోజంతా అరుస్తుంటే మెదడు ఎన్నాళ్ళు వింటుందమ్మా? వినడం మానేస్తుంది. మలుపులో మనకి భయం పుట్టించేది ఆ అరుపే. వీళ్ళకి భయం పోయింది. ఇది కావాలని అడిగేవాళ్ళు వస్తారు చూడు."

ఆశతో అన్నమాట కాదది. ఇలాంటివి వస్తే ఏమవుతుందో ముందే చూసి అలిసిపోయిన మనిషి మాట. బాగుచేసే దారి ఉందా అని హైమావతి అడిగింది. ఉంది గానీ సుఖమైన దారి కాదన్నాడు. కుర్చీని మేస్త్రీలు వాడే రసమట్టం పెట్టి తిన్నగా నిలపాలి. పందేలు మానెయ్యాలి. హెడ్‌సెట్‌లో చదునైన ఖాళీ మైదానం మాత్రం చూపిస్తూ రోజూ గంటలకొద్దీ కూర్చోబెట్టాలి. కూర్చున్నంతసేపూ పడిపోతున్నట్టే ఉంటుంది. నెలలు పట్టవచ్చు. చెవి మాట మెదడు మళ్ళీ వినడం మొదలుపెట్టాక భయం కూడా తిరిగొస్తుంది.

తమిళనాడు వెళ్ళొచ్చాక చెబుదామా అన్నాడు పైడిరాజు. చెల్లెలికి ఇన్నేళ్ళలో వచ్చిన ఒక్క అవకాశమని ఆయన బాధ. నిజం కారులో, నిజం గోడ పక్కన భయం లేకుండా వెళ్ళే మనిషి తిరిగి రాకపోతే ఎవరికి చెబుదామని హైమావతి అడిగింది. ఆ సాయంత్రమే రత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని దాచకుండా అంతా చెప్పేసింది, ఉపాయం తనదేనన్న సంగతితో సహా.

రత్నం ఒరిగి కూర్చునే విన్నది. వదిన మీద కోపం తెచ్చుకోలేదు. అదే హైమావతికి ఎక్కువ కష్టంగా తోచింది.

"అయితే ఇన్నాళ్ళూ గెలిచింది నేను కాదన్నమాట," అంది చివరికి. "తుండుగుడ్డలు గెలిచేయి."

హైమావతి కాదనబోయింది.

"వద్దులే వదినా. ఒరిగున్నా ఫర్లేదు నాకు. నేను ముందుండాలి. అలవాటైపోయింది."

ఆ మాట మీదే నిలబడింది. మరో వారం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోలేదు. హైమావతి కుర్చీ కరెంటు పీకేస్తే పోయేది. పీకబోయి రెండుసార్లు వెనక్కి వచ్చేసింది. ఒక పిల్ల తలలోకి అడక్కుండా ఒకసారి దూరింది చాలదూ అనిపించింది. రత్నం రోజూ ఆ గాజు తలుపుల వెనక కూర్చుని పందేలాడుతూనే ఉంది, గెలుస్తూనే ఉంది. బయటికొచ్చి గోడ పట్టుకుని నడుస్తూనే ఉంది.

మధ్యవర్తిత్వం పైడిరాజు చేశాడు. ఆదివారం పొద్దున్నే ఇద్దర్నీ కారెక్కించి భీమిలి తీసుకెళ్ళాడు. వచ్చేటప్పుడు స్టీరింగు రత్నానికిచ్చాడు, నిజం కారంటే ఏమిటో నిజం రోడ్డు మీదే చూసుకోమని. పక్కసీట్లో తను కూర్చున్నాడు. హైమావతి వెనక కూర్చుంది. సముద్రం ఎడమవైపు తళతళలాడుతోంది, రోడ్డు ఖాళీగా ఉంది. రత్నం చక్కగానే నడిపింది. ఇదివరకెప్పుడూ కారు తోలని పిల్లలా లేదు. హైమావతికి ప్రాణం కుదుటపడి, కాస్త కునుకు కూడా పట్టబోయింది.

అంతలో కారు ఎడమకి జరగడం మొదలుపెట్టింది. ఊరికే, మెల్లగా, నీళ్ళు జారినట్టు. రోడ్డు పక్క ఒకావిడ జామకాయల బుట్ట పెట్టుకు కూర్చుని ఉంది. కారు ఆవిడ వైపే వెళుతోంది. పైడిరాజు రత్నం అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. రత్నం ముఖంలో ఏ మార్పూ లేదు, రోడ్డుకేసి చూస్తూనే ఉంది. ఆయన ఒక్కుదుటున స్టీరింగు పట్టి లాగేశాడు. కారు బుట్ట అంచు తన్నుకుంటూ వెళ్ళి, ముందుకి పోయి ఆగింది. జామకాయలు రోడ్డంతా దొర్లాయి. ఆవిడ అప్పటికే లేచి పక్కకి దూకేసింది.

దెబ్బలేమీ తగల్లేదు. ఆవిడ తిట్టిన తిట్లు మాత్రం ముగ్గురికీ బాగానే తగిలాయి. ఒకర్నొకరు చూసుకోకుండా ముగ్గురూ వంగి కాయలేరారు. రత్నం ఏరినవి కొంగులో వేసుకుని ఆవిడ దగ్గరకు పట్టుకెళ్ళింది, ఒరుగుతూ ఒరుగుతూ. నీకేటైనా జబ్బా అమ్మా అని ఆవిడే తిట్లు ఆపి అడిగింది. రత్నం తల ఊపి వచ్చి కారుకి ఆనుకుని నిలబడింది.

"ఆవిడ్ని చూసేను అన్నయ్యా," అంది. "దూరం నుంచే చూసేను. కారు ఆవిడ మీదికెళ్తోందనీ తెలుసు. అయినా భయమెయ్యలేదు. ఏమీ అనిపించలేదు."

పైడిరాజు సముద్రంకేసి తిరిగిపోయాడు. హైమావతికి చేతులు వణుకుతున్నాయి. రత్నం చేతులు వణకడం లేదు. రత్నం కూడా ఆ చేతుల్నే చూసుకుంటోంది.

మర్నాడు రత్నమే ఫోను చేసి, పోటీకి రావడం లేదని తమిళనాడు వాళ్ళకి చెప్పేసింది. కారణం అడిగితే ఒంట్లో బాగాలేదంది. తర్వాత తుండుగుడ్డలు తీసుకెళ్ళి ఉతికేసింది.

కుర్చీ కింద చెక్కముక్కలు పేర్చి రసమట్టం పెట్టి చూశారు. ఇక మొదలైంది అసలు పని. హెడ్‌సెట్‌లో చదునైన బూడిదరంగు మైదానం. ఏమీ కదలదు, ఏమీ జరగదు. రత్నం మాత్రం కుర్చీ చేతులు పట్టుకుని, కొండకొన నుంచి వేలాడుతున్న మనిషిలా చెమటలు కక్కేది. మొదటి వారాల్లో ప్రతిసారీ వాంతయ్యేది. పడిపోతున్నాను వదినా, పట్టుకో అనేది. హైమావతి బకెట్టు బోర్లించుకుని పక్కన కూర్చుని భుజం పట్టుకునేది. పడ్డం లేదు, తిన్నగానే ఉన్నావు అని చెబుతుండేది. చెప్పి చెప్పి ఆ మాటకి అర్థం పోయేది. ల్యాబులో మిగతావాళ్ళకీ ఇలాగే చెయ్యాలి. పగలంతా పోర్టికో ఆయన భుజమూ, షెడ్డు ఆవిడ భుజమూ పట్టుకుని, సాయంత్రం ఇంటికొచ్చి రత్నం భుజం. ఒక్కోసారి ఆ బకెట్టు మీదే కునికిపాట్లు పడేది. అప్పుడు రత్నం తన భయం మరిచిపోయి వదిన పడకుండా పట్టుకునేది.

చలికాలం అలాగే వెళ్ళిపోయింది. పోటీలో నెగ్గినవాళ్ళ ఫొటోలు ఫోనులో వచ్చాయి. రత్నం చూసింది, పక్కన పెట్టేసింది. చారు కంచం మధ్యలో పడడం ఎప్పుడు మొదలైందో ఎవరూ గమనించలేదు. గోడకి చెయ్యి ఆనకుండా హాలు దాటిన రోజున పైడిరాజు అరవబోయి, భార్య కళ్ళెర్రజేస్తే ఊరుకున్నాడు. ఎండలు ముదిరేసరికి భూషణరావుగారు వచ్చి పరీక్షలు చేసి, చెవీ మెదడూ రాజీపడ్డాయన్నాడు. ఒక్కసారి పందెం ఆడి చూపించమని అడిగాడు. యంత్రాన్ని ఇప్పుడు బాగుచేశారు, కుర్చీ రసమట్టానికి తిన్నగా లేనిదే నడవదు. అయినా కొలతలు కావాలి. రత్నం సరేనంది.

తనకి అన్నిటికంటే బాగా వచ్చిన ట్రాకే ఎంచుకుంది. హైమావతి బయట తెర మీద చూస్తూ నిలబడింది. కారు చక్కగా వెళ్ళింది. అందరూ బ్రేకు తొక్కే చోట రత్నమూ తొక్కింది. ఆట ముగిసేసరికి పేరు జాబితా మధ్యలో ఎక్కడో ఉంది, వెతుక్కోవాల్సి వచ్చింది. భూషణరావుగారు అంకెలు రాసుకుని, చాలా బాగుందమ్మా అని వెళ్ళిపోయాడు. ల్యాబుకి సంబంధించినంతవరకు బాగున్నట్టే.

రత్నం హెడ్‌సెట్ తీసి, వంకీకి తగిలించి, ఎక్కడా తడుముకోకుండా నడిచి వంటింట్లోకి వెళ్ళింది. కంచాలు పెట్టింది, అన్నం వడ్డించింది. పైడిరాజు ఇంకా ఇంటికి రాలేదు. వదినా ఆడపడుచూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఈ రోజు కోసమే నెలల తరబడి బకెట్టు మీద కూర్చున్న హైమావతికి సంతోషం రావాల్సింది. రాలేదు. నిద్ర మాత్రం వచ్చింది, ఒళ్ళంతా ఒక్కసారే.

"ఆ పెద్ద మలుపు దగ్గర భయమేసింది వదినా," అంది రత్నం, పప్పు కలుపుతూ. "కాలు దానంతటదే బ్రేకు మీదికెళ్ళిపోయింది."

హైమావతి తలెత్తి చూసింది. పిల్ల నిటారుగా కూర్చుని ఉంది, అందరూ కూర్చున్నట్టే.

"మంచిదే కదా?" అని రత్నమే మళ్ళీ అడిగింది.

హైమావతి అవునంది. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరూ అన్నం కలుపుతూనే ఉన్నారు.